రాయి ఎక్కడ దొరికింది? ప్రాచీన అరామిక్, హీబ్రూ శాసనాలు చదివే క్రమం

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామందికి కాకతీయుల శాసనాలో, చాళుక్యుల శాసనాలో చదివిన అనుభవం ఉంది. కాబట్టి మీకు ఒక అలవాటు ఉంటుంది. శాసన పాఠం చేతికి రాగానే శక సంవత్సరం కోసం వెతుకుతారు. తర్వాత తిథి, వారం, రాజు పేరు, బిరుదులు. గ్రహణం ప్రస్తావన ఉంటే ఇక పండగే. ఇవాళ మనం మాట్లాడుకునే ప్రాచీన హీబ్రూ శాసనాల్లో ఆ సౌకర్యం దాదాపు లేదు. యూదా రాజు ఒకరు తన పేరుతో నిలబెట్టించిన రాతి శాసనం పూర్తిగా ఒక్కటి కూడా ఇప్పటిదాకా దొరకలేదు. దొరికేవి కుండపెంకుల మీద సిరాతో రాసిన నాలుగు పంక్తులు, కూజా పిడి మీద గుద్దిన ముద్ర, గోడలో రాయిగా వాడేసిన శాసనపు ముక్క. అరామిక్‌లో పరిస్థితి కాస్త మెరుగు. అక్కడ రాజులు తమ గురించి తామే చెప్పుకున్నారు. అవి కూడా ఎక్కువగా ముక్కలే.

తేదీ లేని శాసనం ఎదురుగా ఉంటే, పక్కనే బైబిలు ఉంటే, చెయ్యి ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. రాజుల గ్రంథం తెరిచి, సరిపోయే సంఘటన చూసి, శాసనానికి ఆ తేదీ కట్టేస్తారు. ఆ తర్వాత అదే శాసనం చూపించి "ఇదుగో, గ్రంథంలో ఉన్నది రుజువైంది" అంటారు. ఇంకో వర్గం ఇదే పని తలకిందులుగా చేస్తుంది. ముందే నమ్మకం లేదని నిర్ణయించుకుని ప్రతి శాసనాన్నీ అనుమానిస్తుంది. రెండు దారుల్లోనూ శాసనం సొంతంగా చెప్పగలిగింది వినపడకుండా పోతుంది. అందుకే ఒక క్రమం పాటించాలి. మొదట వస్తువు, అది దొరికిన చోటు. తర్వాత అక్షరాల ఆకారం. తర్వాత భాష. ఆ తర్వాత పాఠం. చిట్టచివర బయటి గ్రంథాలు, అంటే బైబిలు, అష్షూరు (అస్సీరియా) రాజుల వార్షిక లేఖలు వగైరా. ఈ వరస ఎందుకు మారకూడదో ఉదాహరణలతోనే చెబుతాను.

2023 మార్చి మొదట్లో ఇశ్రాయేలులో ఒక ప్రకటన వెలువడింది. పూర్వం యూదా కోట పట్టణమైన లాకీషు దిబ్బ మీద ఒక సందర్శకుడికి కుండపెంకు దొరికింది, దాని మీద అరామిక్ అక్షరాలతో "దర్యావేషు 24వ సంవత్సరం" అని ఉంది అని. అంటే క్రీ.పూ. 498. పర్షియా చక్రవర్తి దర్యావేషు పేరున్న శాసనం ఆ దేశంలో అంతకు ముందు దొరకలేదు కాబట్టి వార్త ప్రపంచమంతా పాకింది. రెండు మూడు రోజుల్లోనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అంతకు ముందటి వేసవిలో తవ్వకాల సమయంలో, పూర్వం పెంకుల మీద ఎలా రాసేవారో విద్యార్థులకు చూపించడానికి ఒక నిపుణురాలు ఆ అక్షరాలు గీశారు. పెంకు అక్కడే ఉండిపోయింది. ఆవిడే చెప్పారు కాబట్టి విషయం తేలింది.

ఇందులో ఎవరి మోసమూ లేదు. పెంకు నిజంగా పాతదే. అక్షరాలు గీసిన చెయ్యి ఆ లిపి బాగా తెలిసిన చెయ్యి. కాబట్టి మట్టిని పరీక్షిస్తే పాతదని వస్తుంది, లిపి చూస్తే సరిగ్గా ఉందని వస్తుంది. లేనిది ఒక్కటే, పొర. అది నేల పైన పడి ఉంది. పైన నేల, కింద బూడిద, పక్కన గోడ, వాటి మధ్య పెంకు అన్న సాక్ష్యం లేదు. పొరలో నుంచి రాని వస్తువు ఎంత అందంగా ఉన్నా, దాని తేదీ మన ఊహే.

మరి పొర ఏమేం చెబుతుంది? లాకీషులోనే చూద్దాం. యూదా దేశమంతటా నూనెకో ద్రాక్షారసానికో వాడిన పెద్ద కూజాల పిడుల మీద ఒక ముద్ర కనిపిస్తుంది. మధ్యలో నాలుగు రెక్కల పేడపురుగు గానీ, రెండు రెక్కల సూర్యబింబం గానీ ఉంటుంది. పైన "లమెలెక్", అంటే "రాజుది" అని. కింద నాలుగు ఊళ్లలో ఒకదాని పేరు. హెబ్రోను, జీఫు, శోకో, నాలుగోది మ-మ-శ-త అనే నాలుగు హల్లులు. ఈ నాలుగోది ఎక్కడుందో ఇంతవరకూ తేలలేదు. ఇలాంటి పిడులు 2 వేలకు పైగా దొరికాయి. కూజా సుమారు 45 లీటర్లు పట్టేది. ఒక్కో కూజా కొలత ఒక్కో రకంగా ఉంటుంది, కాబట్టి ముద్ర కొలతకు హామీ అని చెప్పలేం.

ఇవి ఏ రాజు కాలంవి? చాలాకాలం రెక్కల లెక్కను బట్టి వాదించారు. నాలుగు రెక్కలవి ముందు, రెండు రెక్కలవి తర్వాత, మధ్యలో రాజు మారాడు అని. దీన్ని తేల్చింది లిపి కాదు, పొర. డేవిడ్ ఉస్సిష్కిన్ 1973 నుంచి లాకీషులో తవ్వినప్పుడు మూడో పొర, రెండో పొర స్పష్టంగా విడిపోయాయి (పొరలను పైనుంచి కిందికి లెక్కిస్తారు). రెండూ కాలిపోయిన పొరలే. కానీ వాటిలో కుండల తీరు వేరు. అంత తేడా రావాలంటే రెండు దహనాల మధ్య కొన్ని దశాబ్దాలు గడిచి ఉండాలి. రెండో పొర బబులోను దండయాత్రలో, క్రీ.పూ. 586కు కాస్త అటూ ఇటుగా కాలింది. కాబట్టి మూడోది దానికి పదేళ్ల ముందు 597లో కాలింది అన్న పాత వాదం నిలవలేదు. అది క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు తగలబెట్టినదే అవుతుంది. ఆ మూడో పొరలోనే రెండు రకాల ముద్రలున్న కూజాలూ కలిసి దొరికాయి. దాంతో రెక్కల వరస సిద్ధాంతం కూలిపోయింది. 701 తర్వాత కూడా కొన్ని రకాల ముద్రలు వేశారా అనే చర్చ ఇంకా నడుస్తోంది. కానీ ఆ చర్చ ఇప్పుడు గట్టి నేల మీద నడుస్తోంది.

ఇక్కడ ఎవరైనా అడగవచ్చు, పొరలోని బొగ్గుకి రేడియోకార్బన్ పరీక్ష చేస్తే సరిపోదా అని. దురదృష్టం ఏమిటంటే, క్రీ.పూ. 800 నుంచి 400 వరకు ఆ పరీక్ష సవరణ రేఖ దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. క్రీ.పూ. 750 నాటి గింజకూ, 450 నాటి గింజకూ ఇంచుమించు ఒకే ఫలితం వస్తుంది. హీబ్రూ శాసనాలు దట్టంగా ఉన్న కాలం సరిగ్గా అదే. అందుకే కుండల తీరు, దహనపు పొరలు, అక్షరాల ఆకారం ఈ మూడింటి మీద ఇంత భారం పడింది.

వస్తువును వస్తువుగా చూడడం అంటే ఏమిటో ఇంకో చిన్న ఉదాహరణ. 1935లో స్టార్కీ బృందానికి లాకీషు కోట ద్వారం పక్క గదిలో, రెండో పొర బూడిదలో, సిరాతో రాసిన 18 పెంకులు దొరికాయి. 1938లో ఇంకో మూడు. బబులోను సేన వచ్చి పడుతున్న రోజుల ఉత్తరాలివి. నాలుగో పెంకు చివర ఒక సైనికుడు తన అధికారికి "లాకీషు మంట సంకేతాల కోసం కాచుకుని ఉన్నాం, అజేకా మాకు కనబడటం లేదు" అని రాశాడు. యిర్మీయా 34వ అధ్యాయంలో, యూదా ప్రాకారపు పట్టణాల్లో లాకీషు, అజేకా మాత్రమే మిగిలాయని ఉంది. రెండూ కలిపి, అజేకా కూలిన రోజే ఈ ఉత్తరం రాశారని పుస్తకాల్లో చదువుతాం. పెంకు మీద ఉన్నది "కనబడటం లేదు" అన్న మాట మాత్రమే. కొండ అడ్డొచ్చినా కనబడదు, ఆ రాత్రి అక్కడ మంట వెయ్యకపోయినా కనబడదు. పైగా వీటిలో అయిదు పెంకులు ఒకే కుండ ముక్కలు. దూరపు ఠాణా నుంచి వేర్వేరు రోజుల్లో వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే కుండ మీద రాసినవి ఎలా అయ్యాయి? ఈ ప్రశ్న మీదే యిగాయెల్ యాదీన్ వేరే మాట అన్నారు. ఇవి వచ్చిన ఉత్తరాలు కావు, లాకీషులోనే తయారు చేసిన చిత్తుప్రతులు అని. ఆ వాదన అందరూ ఒప్పుకోలేదు. కానీ పాఠం మాత్రమే చదివితే ఆ ప్రశ్న పుట్టనే పుట్టదు.

ఇప్పుడు అక్షరాలకు వద్దాం. అరామిక్, హీబ్రూ, మోయాబు, ఫినీషియ, అన్నిటికీ అవే 22 హల్లులు, కుడి నుంచి ఎడమకు. అచ్చులు రాయరు. కొన్ని చోట్ల మాత్రం హే, వావ్, యోద్ అనే మూడు హల్లులను దీర్ఘాచ్చుకు గుర్తుగా వాడతారు. ఇవి మొదట పదం చివర కనిపిస్తాయి, కాలం గడిచేకొద్దీ మధ్యలోకి వస్తాయి. కాబట్టి వర్ణక్రమం కూడా కాలానికి కొంత ఆనవాలే.

చదవడం మొదలుపెట్టిన వాళ్లను ఎక్కువ పడగొట్టేది దాలెత్, రేష్ జంట. తల రెండిటికీ త్రికోణమే. తేడా తోకలో. దాలెత్ తోక పొట్టి, రేష్ తోక పొడుగు. రాయి కింద అంచు విరిగి తోక పోయిందంటే అది ద అవ్వచ్చు, ర అవ్వచ్చు. ఏదో ఒకటి ఎంచుకుని ముందుకెళితే మొత్తం పేరే మారిపోతుంది. అలాంటప్పుడు అదే శాసనంలో చెక్కుచెదరని దాలెత్‌లు, రేష్‌లు అన్నీ తీసి తోక పొడుగు తల ఎత్తులో ఎన్నో వంతు ఉందో కొలవాలి. పక్క శాసనంతో పోల్చకూడదు, ఆ చేతిరాతతోనే పోల్చాలి.

అరామిక్, హీబ్రూ లిపులు ఎక్కడ విడిపోతాయో చూడడానికి మంచి గుర్తు అక్షరాల తలలే. క్రీ.పూ. 8, 7 శతాబ్దాల్లో అరామిక్‌లో బేత్, దాలెత్, రేష్, ఆయిన్ తలలు పైకి తెరుచుకుంటాయి. హీబ్రూలో మూసే ఉంటాయి. వేగంగా సిరాతో రాసే కార్యాలయ లేఖకుల అలవాటు అరామిక్‌లో రాతి మీదికి కూడా పాకింది. బబులోను చెర తర్వాత యూదులు నెమ్మదిగా ఈ అరామిక్ అక్షరాల్నే తీసుకున్నారు. ఇవాళ హీబ్రూ పుస్తకాల్లో కనిపించే చతురస్రపు అక్షరాలు వాటి వారసులే. కాబట్టి "హీబ్రూ లిపి" అని పేరు విని ఇవాళ్టి అక్షరమాల నేర్చుకుని యెరూషలేము సొరంగంలో దొరికిన సిలోయము శాసనం ముందు నిలబడితే ఒక్క అక్షరం కూడా గుర్తుపట్టలేరు.

లిపి పట్టికను ఎంతవరకు నమ్మాలి? 1979లో ఉత్తర సిరియాలో, తెల్ ఫెఖెరియే దగ్గర, ఒక రైతు పొలంలో నిలువెత్తు బసాల్ట్ విగ్రహం బయటపడింది. దాని మీద అష్షూరు వారు వాడిన అక్కాదు భాషలో 38 పంక్తులు, అరామిక్‌లో 23 పంక్తులు. విగ్రహం గుజాను పాలకుడు హదద్-యిసీది. జోసెఫ్ నావే ఈ రంగంలో మహా పండితుడు. అక్షరాల ఆకారం చూసి ఆయన దాన్ని 11వ శతాబ్దానికి పెట్టారు. శిల్పం తీరు, అక్కాదు భాష, అష్షూరు చరిత్ర మాత్రం 9వ శతాబ్దం మధ్యకు తెస్తున్నాయి. ఎక్కువమంది ఈ రెండోదే ఒప్పుకున్నారు. అంటే రెండు వందల ఏళ్ల తేడా. కారణం ఉంది. లిపి పట్టికలో గడులు నిండినవి ఎక్కువగా ఫినీషియ తీరంలోనూ యూదాలోనూ దొరికిన వాటితో. తూర్పు మూలన ఉన్న గుజానులో పాత ఆకారాలే ఇంకా నడుస్తూ ఉండవచ్చు. లిపి తేదీకి ఎప్పుడూ ముందూ వెనకా యాభై ఏళ్లు వదలాలి, పోలిక శాసనాలు లేని ప్రాంతమైతే ఇంకా ఎక్కువ వదలాలి.

ఆ విగ్రహం దగ్గర ఇంకో నిమిషం ఆగుదాం, ఎందుకంటే చారిత్రక సందర్భం అంటే ఏమిటో ఇంతకంటే బాగా చూపించే రాయి అరుదు. ఒకే మనిషిని అక్కాదు పాఠం "దేశాధికారి" అంటుంది. అరామిక్ పాఠం "రాజు" అంటుంది. అక్కాదు చదివేది అష్షూరు చక్రవర్తి మనుషులు. అరామిక్ చదివేది సొంత ఊరి జనం. రెండూ ఒకే రాయి మీద, ఒకే సమయంలో. శాసనంలో బిరుదు కనబడితే, అది ఎవరి చెవిన పడాలని చెక్కించారు అని అడగడం ఇక్కడ నేర్చుకోవచ్చు.

భాష సంగతి. ఒక ముక్క మీద రెండు మూడు పదాలే మిగిలితే అది హీబ్రూనా అరామికా ఎలా తేల్చాలి? కొడుకుని "బ-ర" అంటే అరామిక్, "బ-న" అంటే హీబ్రూ, ఫినీషియ, మోయాబుల్లో ఏదో ఒకటి. బహువచనం నకారంతో ముగిస్తే అరామిక్ గానీ మోయాబు గానీ, మకారంతో ముగిస్తే హీబ్రూ గానీ ఫినీషియ గానీ. "ఆ" రాజు అని నిర్దేశించడానికి హీబ్రూలో పదానికి ముందు హే వస్తుంది, అరామిక్‌లో చివర ఆలెఫ్ వస్తుంది. ఒక్క గుర్తుతో ఆగకండి, కనీసం రెండు కలవాలి. ఎందుకంటే "బ-ర" మనిషి పేరులో భాగంగా ఉండిపోవచ్చు. బర్-హదద్ అనే పేరు హీబ్రూ వాక్యంలో వచ్చినంత మాత్రాన ఆ వాక్యం అరామిక్ కాదు.

హీబ్రూలోనే మాండలికాలు చూడండి. 1910లో హార్వర్డ్ తవ్వకాల్లో, ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని సమరియలో, రాజభవనం దగ్గర వందకు పైగా పెంకులు దొరికాయి. ఒకటి ఇలా ఉంటుంది: "తొమ్మిదో సంవత్సరంలో, కోసో నుంచి, గద్దియౌకు, పాత ద్రాక్షారసం ఒక కూజా". అంతే. పన్ను రసీదో, జమాఖర్చో, భూస్వామి వాటా లెక్కో ఇప్పటికీ వాదనే. ఇందులో ద్రాక్షారసాన్ని య-న అని రెండు హల్లులతో రాశారు. దక్షిణ రాజ్యమైన యూదాలోని అరాదు కోట పెంకుల్లో అదే మాట య-య-న. అంటే ఉత్తరాన "యేన్" అని పలికేవారు, దక్షిణాన "యయిన్" అని. సంవత్సరాన్ని సమరియలో శ-త అని రాశారు. బైబిలు హీబ్రూలో అది "శనా". దేవుడి పేరు కలిసిన మనుషుల పేర్ల చివర ఉత్తరాన "-యౌ", యూదాలో "-యాహు". ఎక్కడ దొరికిందో తెలియని ఒక ముద్ర మీద ఆ చివరి రెండు అక్షరాలే అది ఏ రాజ్యపుదో చెప్పగలవు. సమరియ పేర్లలో బయలు అనే దేవుడి పేరు కలిసినవి కూడా గణనీయంగా ఉన్నాయి. యూదా పెంకుల్లో అలా కనబడవు. మతచరిత్ర రాసేవారు దీని మీద చాలా కట్టారు. నా ఉద్దేశంలో కాస్త ఎక్కువే కట్టారు. తాత పేరు పెట్టుకున్న మనిషి ఏ గుడికి వెళ్లేవాడో పేరు చెప్పదు.

అంకెలు వేరే చిక్కు. సమరియలో తొమ్మిది, పది సంవత్సరాలు అక్షరాలతో రాశారు. 15 మాత్రం ఈజిప్టు నుంచి తెచ్చుకున్న గుర్తులతో వేశారు. మొదట్లో దాన్ని 17 అని చదివారు. తొమ్మిది అన్నవారూ ఉన్నారు. రాజు పేరు లేదు కాబట్టి, ఏ రాజు 15 ఏళ్లు పాలించాడు అన్న లెక్క మొత్తం ఆ గుర్తు మీదే ఆధారపడింది. 1960ల్లో అరాదులో అవే గుర్తులు మరిన్ని దొరకడం 15కే బలం ఇచ్చింది.

ఇప్పుడు ఈ మెట్లన్నీ ఒకే రాయి మీద ఎక్కుదాం. తెల్ దాన్ శాసనం. 1993 జూలైలో, ఉత్తర ఇశ్రాయేలులో అవ్రాహామ్ బిరాన్ తవ్వకాల్లో, ఊరి ద్వారం బయటి గోడలో ఒక బసాల్ట్ ముక్క కనిపించింది. ఎత్తు 32 సెంటీమీటర్లు, వెడల్పు 22. సాయంత్రపు ఏటవాలు వెలుగులో అక్షరాలు తేలాయి. 1994లో ఇంకో రెండు చిన్న ముక్కలు దొరికాయి, అవి ఒకదానితో ఒకటి అతుకుతాయి. పెద్ద ముక్కను అ అని, చిన్న జంటను బ అని పిలుద్దాం.

వస్తువు ఏం చెబుతోంది? ఎవరో నిలబెట్టారు, ఇంకెవరో పగలగొట్టి గోడలో మామూలు రాయిగా కట్టేశారు. ఆ గోడ క్రీ.పూ. 733-732లో అష్షూరు రాజు తిగ్లత్పిలేసెరు చేసిన విధ్వంసంలో కూలిన కట్టడాల్లోది. కాబట్టి శాసనం అంతకంటే పాతది. తేదీకి ఇది ఆఖరి హద్దు. లిపి చూస్తే 9వ శతాబ్దం, అరామిక్. భాష చూస్తే "బ-ర" ఉంది, అరామిక్ క్రియలున్నాయి. ఇంతవరకూ బైబిలు తెరవలేదు, అయినా ఒక అరాము రాజు 9వ శతాబ్దంలో గానీ ఆ వెంటనే గానీ దాను ఊళ్లో విజయ శాసనం వేయించాడని తెలిసిపోయింది.

ఇప్పుడు పాఠం. నా తండ్రి మరణించాడు, ఇశ్రాయేలు రాజు నా తండ్రి దేశంలోకి వచ్చాడు, హదదు (అరాము దేవుడు) నన్ను రాజును చేశాడు, హదదు నా ముందు నడిచాడు, రాజులను చంపాను, ఇదీ ధోరణి. అందరి చూపూ ఎనిమిది, తొమ్మిది పంక్తుల మీదే ఉంటుంది. అ ముక్క మీద స్పష్టంగా ఉన్నది "ఇశ్రాయేలు రాజు", ఆ కింది పంక్తిలో "-కు బ-య-త-ద-వ-ద", అంటే "రాజు" అనే మాట చివరి అక్షరం, తర్వాత "దావీదు ఇల్లు". బ ముక్క మీద ఉన్నది "-రము కొడుకు", ఆ కింద "-యాహు కొడుకు". మిగతాదంతా బ్రాకెట్లలో మనం పూరించేది.

రెండు ముక్కల్నీ పక్కపక్కన పెడితే "యెహోరాము, అహాబు కొడుకు, ఇశ్రాయేలు రాజు" అనీ, "అహజ్యా, యెహోరాము కొడుకు, దావీదు ఇంటి రాజు" అనీ వస్తుంది. ఇశ్రాయేలు రాజుల్లో "-రము"తో ముగిసే పేరు ఒక్క యెహోరాముదే, కాబట్టి పూరణ బలంగానే ఉంది. కానీ గమనించండి, పేర్లు ఒక రాయి మీద, రాజ్యాలు ఇంకో రాయి మీద ఉన్నాయి. ఈ రెండు ముక్కల మధ్య అతుకు పైన చెక్కిన ముఖంలో కనబడదు. రాయి లోపలి భాగంలో తగులుతుందని బిరాన్, నావే చెప్పారు. బ ముక్క పక్కన కాదు, కింద ఉండాలని వాదించినవారు కూడా ఉన్నారు. అది నిజమైతే పేర్లకీ రాజ్యాలకీ లంకె తెగిపోతుంది. "దావీదు ఇల్లు" మాత్రం చెక్కుచెదరదు, అది పూర్తిగా అ ముక్క మీదే ఉంది. ఏది ఎంత గట్టిదో ఇలా విడదీసి చెప్పాలి. "తెల్ దాన్ శాసనంలో అహజ్యా పేరుంది" అని రాసేస్తే అది పొరపాటు. అహజ్యా పేరులో చివరి మూడు హల్లులే ఉన్నాయి.

"దావీదు ఇల్లు" అన్న ఆ ఆరు అక్షరాల మీద కూడా పెద్ద గొడవ జరిగింది. ఈ శాసనంలో పదానికీ పదానికీ మధ్య చుక్క పెడతారు. "ఇశ్రాయేలు", "రాజు" మధ్య చుక్క ఉంది. "ఇల్లు", "దావీదు" మధ్య లేదు. కాబట్టి ఇది ఏదో ఊరి పేరో గుడి పేరో అని కొందరన్నారు. దీనికి జవాబు అప్పటి రాజకీయ వాడుకలో ఉంది. అష్షూరు లేఖల్లో ఇశ్రాయేలు రాజ్యం పేరు "ఒమ్రీ ఇల్లు". ఉత్తర సిరియాలో "అగూషు ఇల్లు" ఇంకో రాజ్యం. వంశస్థాపకుడి పేరుకు ఇల్లు చేర్చి రాజ్యాన్ని పిలవడం అప్పటి అలవాటు. ఒకే పేరుగా వాడుతున్నప్పుడు మధ్యలో చుక్క పెట్టకపోవడంలో వింత లేదు.

ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, రాజుల రెండవ గ్రంథం తెరవండి. 9వ అధ్యాయంలో యెహోరామునూ అహజ్యానూ చంపింది ఇశ్రాయేలు సేనాధిపతి యెహూ. శాసనంలో పూరణ సరైనదైతే చంపానంటున్నది అరాము రాజు, బహుశా హజాయేలు. 8వ అధ్యాయం చివర యెహోరాము రామోత్గిలాదు దగ్గర హజాయేలుతో యుద్ధంలో గాయపడ్డాడని కూడా ఉంది. అటుపక్క అష్షూరు రాజు షల్మనేసెరు నల్లరాతి స్తంభం మీద యెహూ కప్పం కడుతున్నట్టు ఉంది, అది క్రీ.పూ. 841. ఈ మూడింటినీ ఒకే కథగా కుట్టాలని తొందరపడకండి. విజయ శాసనం వేయించిన ఏ రాజైనా తన సేన, తన మిత్రులు, తన అదృష్టం చేసిన పనులన్నీ "నేను" అనే చెక్కిస్తాడు. రాజుల గ్రంథం ఆ సంఘటనకు చాలా తర్వాత, వేరే ఉద్దేశంతో కూర్చినది. ఇద్దరు సాక్షులు తేడాగా చెబుతున్నారంటే అది మనకు నష్టం కాదు. ఒకరినుంచి ఒకరు కాపీ కొట్టలేదని అర్థం.

పని వివరాలు కొన్ని. మనకు ఎస్టాంపేజీ తెలుసు, తడి కాగితం రాతి మీద పరిచి కుచ్చుతో కొట్టి పైన సిరా అద్దడం. అక్కడ సిరా లేకుండా మందపాటి తడి కాగితాన్ని కొట్టి, ఆరాక తీసేవారు. 1868లో కనబడ్డ మోయాబు రాజు మేషా శాసనాన్ని ఆ తర్వాత పగలగొట్టేశారు. అంతకు ముందే ఫ్రెంచి పండితుడు క్లెర్మాన్-గానో తీయించిన అచ్చు, అదీ తడిగా ఉండగానే చిరిగిపోయిన అచ్చు, ఇవాళ చాలా పంక్తులకు ఏకైక ఆధారం. దాని 31వ పంక్తిలో కూడా "దావీదు ఇల్లు" ఉందని ఆంద్రే లెమేర్ 1994లో చదివారు. 2019లో ఇంకో ముగ్గురు అక్కడున్నది "బాలాకు" అనే పేరు కావచ్చన్నారు. అరిగిపోయిన చోటు చదివేటప్పుడు ఆశ కూడా కలిసి చదువుతుంది, జాగ్రత్త.

ఇప్పుడు అచ్చు బదులు వెలుగు వాడతారు. కెమెరా ముక్కాలి పీట మీద బిగించాలి, రాయి కదలకూడదు. చట్రంలో రాయి పక్కనే మెరిసే నల్లటి గోళాలు రెండు పెట్టాలి. దీపాన్ని రాయి వెడల్పుకు మూడు నాలుగు రెట్ల దూరంలో, దారంతో కొలుచుకుంటూ, చుట్టూ తిప్పుతూ 40 నుంచి 60 ఫొటోలు తియ్యాలి. గోళం మీద మెరుపు ఎక్కడ పడిందో చూసి కంప్యూటరు వెలుగు దిశ లెక్కగడుతుంది. తర్వాత తెర మీద వెలుగును మనకు కావలసిన వైపు నుంచి వేసుకోవచ్చు. చెడిపోయేది రెండు చోట్ల. కెమెరా ఒక్క మిల్లీమీటరు కదిలినా అక్షరాల అంచులు చెదిరిపోతాయి. ఆరుబయట ఎండ ఉంటే దీపం నీడ కొట్టుకుపోతుంది, అందుకే చీకటి పడ్డాక తీస్తారు.

సిరా పెంకులకు ఈ పద్ధతి పనికిరాదు. బొగ్గు సిరా పరారుణ కాంతిని మింగేస్తుంది, మట్టి తిప్పి పంపుతుంది. కాబట్టి పరారుణంలో తీస్తే కంటికి కనబడని సిరా నల్లగా తేలుతుంది. అరాదు 16వ పెంకు 1960ల్లో దొరికింది. దాని వెనకవైపు ఖాళీ అనుకుంటూ యాభై ఏళ్లు ప్రదర్శించారు. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం బృందం వేర్వేరు తరంగాల్లో ఫొటోలు తీసి 2017లో ప్రకటించింది. వెనక మూడు పంక్తులున్నాయి, ద్రాక్షారసం ఉంటే పంపమని. అందుకే తవ్వకంలో పెంకులను బ్రష్‌తో రుద్దకూడదు. నీళ్లలో ఒకసారి ముంచి, రెండు వైపులా చూసి, గీత కనబడితే పక్కన పెట్టి, నీడలో ఆరనిచ్చి, అదే రోజు ఫొటో తియ్యాలి. గాలి, వెలుగు తగిలినకొద్దీ సిరా పోతుంది. తవ్విననాటి ఫొటోలో ఉన్న అక్షరం ఇవాళ పెంకు మీద లేని సందర్భాలున్నాయి.

నకిలీల గురించి ఒక్క మాట. 1988లో ఇశ్రాయేల్ మ్యూజియం దంతపు దానిమ్మ ఒకటి 5,50,000 డాలర్లకు కొన్నది. దాని మీద యెహోవా మందిరపు యాజకుల ప్రస్తావన ఉందని చదివారు. 2004లో పరీక్షించిన నిపుణులు దంతం పాతదే, అక్షరాలు కొత్తవి అని తేల్చారు. వాదన అంతా సూక్ష్మదర్శిని కింద ఒక్కచోటే జరిగింది. దంతం పూర్వమే విరిగి ఉంది. అక్షరాలు ఆ విరుగు అంచుదాకా పోయి తెగితే విరగకముందే చెక్కినవి. అంచుకు కాస్త ముందే ఆగిపోతే, ఇంకా విరుగుతుందని భయపడుతూ చెక్కిన చెయ్యి విరిగిన తర్వాతది. ఆ తీర్పు ఒప్పుకోని పండితులు ఇంకా ఉన్నారు. ఎవరు సరైనా, వాళ్లు చూస్తున్న చోటు సరైనది. అంగడి నుంచి వచ్చిన ఏ శాసనానికైనా ముందు చూడాల్సింది అక్షరం, పాత దెబ్బ ఒకదాన్నొకటి దాటే చోటు.

అరామిక్ మనకు మరీ దూరపు సంగతి కాదు. అశోకుడు తన మాట అరామిక్‌లో కూడా చెక్కించాడు. 1958లో కందహార్ దగ్గర కనబడిన శాసనంలో పైన గ్రీకు, కింద ఎనిమిది పంక్తుల అరామిక్. అందులో ప్రియదర్శి పేరు "మన ప్రభువు, రాజు" అన్న మాటలతో వస్తుంది. పర్షియా సామ్రాజ్యం పోయి డెబ్భై ఏళ్లయినా దాని కార్యాలయ భాష అక్కడ బతికే ఉంది, ఇరానీ మాటలు నింపుకుని మరీ. అదే చక్రవర్తి శాసనాలు కర్నూలు జిల్లా ఎర్రగుడిలో బ్రాహ్మిలో ఉన్నాయి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. దీన్ని చూసి అరామిక్ ప్రభావం అనేయడం తేలిక, కానీ ఒక పంక్తి ఇటు, ఒక పంక్తి అటు నడిపించడం అరామిక్ పద్ధతి కాదు. కర్ణాటకలో బ్రహ్మగిరి దగ్గర చపడుడు అనే లేఖకుడు తన వృత్తిని ఖరోష్ఠిలో రాసుకున్నాడు. ఖరోష్ఠి అరామిక్ నుంచి పుట్టిన లిపి. లంకె చూపించాలంటే అలాంటి గట్టి చోటు పట్టుకోవాలి.

మొదలుపెట్టాలనుకునేవారికి నా సలహా, సిలోయము శాసనంతో మొదలుపెట్టండి. ఆరు పంక్తులు, తేటైన హీబ్రూ, పదాల మధ్య చుక్కలు. 1880లో యెరూషలేములో 533 మీటర్ల నీటి సొరంగం గోడ మీద కనబడింది. రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చిన కూలీలు మూడు మూరల దూరంలో ఒకరి గొంతు ఒకరు విన్నారని ఉంటుంది. నీళ్లు 1,200 మూరలు ప్రవహించాయని కూడా ఉంటుంది. భాగిస్తే మూర 44 సెంటీమీటర్లకు పైన వస్తుంది. రాజు పేరు లేదు, యూదా రాజు హిజ్కియా అన్నది రాజుల గ్రంథం నుంచి వచ్చింది. లిపి 8వ శతాబ్దం చివరికి చేరుస్తోంది. 2003లో సొరంగపు గచ్చులోని ఆకులకు రేడియోకార్బన్, గోడ మీద పేరుకున్న సున్నానికి యురేనియం-థోరియం పరీక్ష చేస్తే దాదాపు క్రీ.పూ. 700 వైపే వచ్చింది.

ఫొటో ఒకటి పెద్దదిగా ముద్రించుకోండి. పైన పారదర్శకపు కాగితం వేసి, కనబడిన గీతలు మాత్రమే గీయండి, ఏ అక్షరమో తెలిసిపోయినా సరే విరిగినచోట పూర్తిచెయ్యకండి. తర్వాత 22 గడుల పట్టిక వేసి ప్రతి అక్షరాన్నీ దాని గడిలో దించండి. పూర్తి అక్షరానికి ఏమీ పెట్టొద్దు, సగం కనబడితే పైన చుక్క, మీరు పూరించినదైతే బ్రాకెట్. మూడో పంక్తికి రాగానే జ-ద-హ అనే మూడు హల్లుల మాట తగులుతుంది. రాతిలో కుడివైపున అది ఉండడం వల్లే గొంతు వినపడింది అని వాక్యం. పగులు అన్నారు, అతివ్యాప్తి అన్నారు, ఇంకా ఏవేవో అన్నారు. బైబిల్లో ఎక్కడా లేదు, ఇంకో శాసనంలో దొరకలేదు. దాన్ని మీ అనువాదంలో అలాగే, అర్థం రాయకుండా, మూడు హల్లులుగా ఉంచండి.

ఇక ప్రశ్నలు తీసుకుందాం.